బడి నూతిలో కిరసనాయిలు

కుళాయి విప్పింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది రాయడం సులువు.

1998 దీపావళి రోజులు. నేను ఐదో తరగతి. మాది రాజాం దగ్గర, నాగావళికి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా. 2022లో జిల్లాలు మార్చినప్పుడు విజయనగరంలోకి వెళ్ళింది. మా నాన్న ఆ ఊరి ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టరు. హెడ్మాస్టరంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఇద్దరు మాస్టార్లు, చెట్టుకి వేలాడే ఇనప గంట, వెనక ఒక నుయ్యి. రెండు గదులకీ మధ్య చిన్న కొట్టుగది. అందులో విరిగిన బెంచీలు, చిరిగిన పటాలు, పిల్లలకు పంచే బియ్యం బస్తాలు. అప్పటికింకా బళ్ళో వండి పెట్టే మధ్యాహ్న భోజనం లేదు, అది మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. అంతకుముందు బడికి సరిగ్గా వచ్చిన పిల్లాడికి నెలకి మూడు కిలోల బియ్యం ఇంటికిచ్చేవారు.

ఆ అక్టోబరులో ఆ గదికి ఇంకో అతిథి వచ్చింది. రేషన్ కిరసనాయిలు డ్రమ్ము. డీలరు పాక వానకు కారిపోతోందట. "నాలుగు రోజులు మేస్టారూ, పండగెళ్ళగానే తీసుకుపోతాను" అని బతిమాలాడు. నాన్న సరేనన్నాడు. రెండొందల లీటర్ల డ్రమ్ముని రెండు దుంగల మీద పడుకోబెట్టి, మూతికి ఇత్తడి కుళాయి బిగించారు. డ్రమ్ము దాదాపు నిండుగా ఉంది.

మా ప్రాంతంలో పెరిగినవాళ్ళకి దీపావళి అంటే టపాసుల కంటే ముందు గోగు పుల్లలు గుర్తొస్తాయి. గోగు కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరేసే కాలమది. ఊరంతా ఆ కుళ్ళు వాసనే. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు, మాకు పండగొస్తోందని గుర్తు. నార ఒలిచాక మిగిలిన పుల్లల్ని ఎండబెట్టి, చివర పాతగుడ్డ చుట్టి, నూనెలో ముంచి వెలిగిస్తే దివిటీ. నువ్వుల నూనెతో దివిటీ కాల్చే స్తోమత అందరికీ ఉండదు కదా. కిరసనాయిలే గతి. అది కూడా ఇంట్లో అడిగితే వీపు పగిలేది.

శనివారం సాయంత్రం బడి వదిలాక మా ఇంటి గూట్లోంచి తాళంచెవి తీశాను. నాతోపాటు నా నేస్తం. వాడిది పేట. వాడి పేరు ఇక్కడ రాయను. వాడు డాల్డా డబ్బా పట్టుకున్నాడు, నేను కుళాయి తిప్పాను. నీలంగా, సన్నటి ధార. రేషన్ సరుకుని డీజిల్లో కలిపి అమ్ముకోకుండా ఆ రంగు వేస్తారని నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలీదు. అప్పుడు మాత్రం ఎంత అందంగా ఉందో అనుకున్నాను. డబ్బా సగం నిండేసరికి బయట ఎవరో దగ్గారు. పరుగో పరుగు. తాళం వేసినట్టు గుర్తుంది. మిగతాది గుర్తులేదు.

ఆదివారం రాత్రి వాన పడింది. సోమవారం దీపావళి, బడికి సెలవు. మంగళవారం పొద్దున్న నాన్న తలుపు తీశాడు.

ముక్కు పగిలిపోయే వాసన. నాన్న ముందు చేసిన పని... వెనక్కి తిరిగి, బీడీ కాలుస్తూ వస్తున్న ఒక పెద్దాయన్ని చెయ్యెత్తి ఆపడం. ఊళ్ళో కుర్రాళ్ళ జేబుల్లో ఇంకా మిగిలిపోయిన టపాసులున్నాయి. కిరసనాయిలు పెట్రోలులా గప్పున అంటుకునే సరుకు కాదు. కానీ గోనెసంచులూ గడ్డీ పీల్చుకున్నాయంటే మొత్తం గది ఒత్తి అయిపోతుంది. పిల్లలందరినీ చెట్టు కిందకి తోలి, ఆ తర్వాత లోపలికి వెళ్ళాడు.

అలికిన మట్టి నేల చాలాభాగం తాగేసింది. మిగిలింది మూల తూములోంచి బయటికి పోయింది. డ్రమ్ములో పుల్ల ముంచి చూస్తే సగం ఖాళీ. అంటే నూరు లీటర్లు. తర్వాత్తర్వాత ఎన్నోసార్లు నేను ఆ లెక్క వేసుకున్నాను. రెండున్నర రోజుల్లో నూరు లీటర్లంటే నిమిషానికి పాతిక మిల్లీలీటర్లు, పైన కాస్త. దగ్గుమందు మూతతో రెండున్నర మూతలు. అంతే. చూస్తూ కూచున్నా ఎవరూ దాన్ని ప్రమాదం అనరు.

కబురు ఊళ్ళోకి ఎలా పోయిందోగానీ పావుగంటలో జనం సీసాలతో దిగారు. కొబ్బరి చిప్పలతో గుంటల్లో నిలిచినదాన్ని తోడి, గోనె తడిపి గరాటులోకి పిండుకున్నారు. మట్టి కలిసిందా, కలవనీ. గుడ్డలో వడగడితే దీపానికి పనికొస్తుంది. ఇప్పుడు తలుచుకుంటే ఊరు మొత్తమ్మీద అప్పుడు జరిగిన శుభ్రతలో అదే మొదటి విడత, అదే అన్నిటికంటే చురుగ్గా సాగిన విడత కూడా. నాన్న ఒక్కటే అరుస్తున్నాడు, కూల్‌డ్రింకు సీసాల్లో పోసుకోవద్దని. దాహమేసిన చంటిపిల్లలు నీళ్ళనుకుని తాగేస్తారు. కిరసనాయిలు కడుపులోకి పోవడం కంటే ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం. అందుకే తాగినవాళ్ళని కక్కించకూడదంటారు డాక్టర్లు. ఆ అరుపు ఎంతమంది విన్నారో తెలీదు.

డీలరు వచ్చాడు. నెత్తి కొట్టుకున్నాడు. కార్డుదార్లకి ఏం సమాధానం చెప్పాలన్నాడు. అది న్యాయమే. ఆ తర్వాత అన్నమాటే...

"పేట గుంటలే తీసుంటారు మేస్టారూ. ఆళ్ళే దివిటీలకని మొన్నట్నుంచీ ఇటే తిరుగుతున్నారు."

నేను భారతదేశం పటం పక్కన నిలబడి ఉన్నాను. నా నేస్తం చెట్టుకింద ఉన్నాడు. నాన్న డీలరు వంక చూసి, "నువ్వు చూశావా?" అన్నాడు. "చూడనప్పుడు నా బడి పిల్లల ఊసెత్తకు. గదిలో పెట్టుకోమన్నది నేను. నీ సరుకు ఖరీదు నేనిస్తాను."

ఇచ్చాడు కూడా. ఒక్కసారి కాదు, నెలనెలా జీతంలోంచి. అమ్మ చాలా రోజులు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ సంక్రాంతికి మా ఇంట్లో కొత్తబట్టలు లేవు. నేను నోరు విప్పలేదు.

అసలు కష్టం మధ్యాహ్నం బయటపడింది. నీళ్ళు తోడిన అమ్మాయి బకెట్టు అలాగే గట్టుమీద పెట్టి వచ్చేసింది. నీటిమీద నెమలి మెడ రంగులు. ఆదివారం నాటి వానకి తూములోంచి వెళ్ళినదంతా జారి, బీటలిచ్చిన నూతి చప్టా సందుల్లోంచి లోపలికి దిగింది.

ఆ నుయ్యి సంగతి కొంచెం చెప్పాలి. ఊళ్ళో ఇంకా రెండు నూతులుండేవి. అక్కడ పేట వాళ్ళు నిలబడి, ఎవరైనా తోడి పోస్తే పట్టుకోవాల్సిందే. 1998లో కూడానా అని అడుగుతారేమో. అవును, 1998లో కూడా. బడి నుయ్యి సర్కారుది కాబట్టి, అక్కడ మా నాన్న కుర్చీ వేసుకుని కూచునేవాడు కాబట్టి, పేట ఆడవాళ్ళు బడి వదిలాక వచ్చి తమ చేత్తో తాము తోడుకునేవారు. ఇప్పుడు ఆ నూతిలో నేను కిరసనాయిలు పోశాను. ఊరవతల బోరింగు ఒకటుంది. మైలు దూరం. బిందె నెత్తిన పెట్టుకుని నా నేస్తం వాళ్ళమ్మ రోజూ మా ఇంటి ముందునుంచే వెళ్ళేది.

నుయ్యి బాగుచెయ్యడానికి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఆరోగ్య కార్యకర్త బ్లీచింగ్ పౌడర్ తెచ్చింది. నూతికి ఏ జబ్బొచ్చినా అప్పట్లో అదే మందు. నాన్న వద్దన్నాడు, ఎందుకో ఆయనకీ గట్టిగా తెలీదు. సూక్ష్మజీవుల్ని చంపే పొడికి నూనెతో పనేముంటుందని అనుమానం, అంతే. అనుమానం నిజమే. పైగా ఆ పొడి నేరుగా నూనెకి తగిలితే వేడెక్కి మంటలు లేచే ప్రమాదం కూడా ఉందట. ఇంకెవరో మాత్రం నాన్న లేనప్పుడు బట్టల సబ్బుపొడి రెండు పొట్లాలు గుమ్మరించేశారు. గిన్నెలకంటిన జిడ్డు పోతుంది కదా, నూతిది పోదా అని. దాంతో పైన తెట్టెలా తేలుతున్న నూనె కొంత, సన్నటి చుక్కలై నీళ్ళలో కలిసిపోయింది. తేలినదాన్ని తియ్యొచ్చు, కలిసినదాన్ని ఏం చేస్తాం?

దారి చూపించింది చెరువు దగ్గర గోగునార ఒలిచే ఒక ముసలమ్మ. నడుం వంగిపోయి ఉండేది. నూతిలోకి తొంగిచూసి, "నూనె పైనే గదా తేల్తంది బావూ, నార తుక్కు ఎయ్యి. అదే తాగుతాది" అంది. ఒలవగా మిగిలిన పీచుని కట్టలు కట్టి, తాళ్ళకి వేలాడదీసి, నీటిమీద ఆనేలా దింపారు. గంటకోసారి పైకిలాగి, దూరంగా తొట్టిలో పిండి, మళ్ళీ దింపడం. బాగా ఎండిన గోగు పుల్లల్ని రోట్లో దంచి, ఆ పొట్టు గదిలో నేలమీద పోశారు. దానికి తోడు ఊక, పొయ్యి బూడిద. తెల్లారేసరికి పొట్టు జిడ్డుగా నల్లబడింది.

ఈమధ్య ఒక విషయం చదివి నవ్వుకున్నాను. గోగు జాతికి చెందినదే కెనాఫ్ అనే మొక్క. దాని పుల్లలోని బెండు భాగాన్ని పొడిచేసి, సంచుల్లో నింపి, చమురు ఒలికిన చోట చల్లడానికి అమెరికాలో అమ్ముతారట.

నేల తవ్వడానికి కూలీలెవరూ దొరకలేదు. వరికోతల ముందు పొలం పనులు, పైగా ఆ వాసనకి తలపోటు. బుధవారం పొద్దున్నే పారా గునపం పట్టుకుని ఒకాయన వచ్చాడు. నా నేస్తం వాళ్ళ నాన్న. ఎవరూ పిలవలేదు. మూడు రోజులు తవ్వాడు. నాన్న మట్టి ముద్ద తీసి వాసన చూడటం, వస్తే ఇంకొంచెం లోతుకి తవ్వమనడం. అదే మీటరు, అదే పరీక్ష. ఒకచోట మోకాలి లోతు పోయింది, ఇంకోచోట జానెడుతో సరిపోయింది. కూలి ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు. "బడి పని గదా మేస్టారూ" అన్నాడు. ఆ మాట నాన్న బతికున్నంతకాలం ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పేవాడు.

తవ్విన మట్టిని చెరువులో పడేద్దామన్నారు కొందరు. గోగు ఊరేసిన చెరువే కదా, కంపులో కంపు కలుస్తుందని. నాన్న ఒప్పుకోలేదు. పశువులు తాగే నీళ్ళవి. బడి వెనకాల, నూతికి ఎడంగా ఉన్న మెరకమీద ఆ మట్టిని పల్చగా పరిపించి, పేడ కలిపించి, నెలకోసారి తిరగేయించాడు. ఎండకి ఎగిరిపోతుందని ఆయన ఉద్దేశం. కొంత ఎగిరిపోతుంది, నిజమే. మిగిలినదాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు తింటాయట. వాటికి కావలసింది గాలి, కాస్త తడి, పేడలో ఉండే నత్రజని. చమురు ఒలికిన నేలని చాలా దేశాల్లో ఇప్పటికీ ఇదే పద్ధతిలో బాగుచేస్తారని ఒక కెమిస్ట్రీ లెక్చరరు నాకు చెప్పినప్పుడు, ఆయన ముందు నేను కాస్త గర్వంగానే కూర్చున్నాను. మొదటి ఏడు ఆ మెరకమీద ఏమీ మొలవలేదు. రెండో ఏడు వానలకి పల్లేరు తీగ పాకింది.

బియ్యం సంగతి మాత్రం రాయాలని లేదు. కానీ రాయకపోతే లెక్క పూర్తికాదు. కింది వరస బస్తాలు రెండు అడుగున తడిశాయి. నాన్న వాటిని పక్కన పెట్టించి, పిల్లలకు పంచొద్దని రాసి పైకి పంపాడు. జవాబు వచ్చేలోపు ఒక రాత్రి ఆ బస్తాలు మాయమయ్యాయి. ఎవరు పట్టుకెళ్ళారో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. నాలుగైదు సార్లు కడిగి, ఎండబెట్టి వండుకున్నారట. మా తరగతిలో ఒకమ్మాయి చెప్పింది, "అన్నం దీపం వాసనొస్తంది" అని. నవ్వుతూనే చెప్పింది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, దానికి కారణం మా చిన్నాన్న కూతురు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఉంటుంది. అక్కడ చలికాలం ఇళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికి సగానికి పైగా జనం చమురు మీదే ఆధారపడతారు. ఇళ్ళలో, బళ్ళలో ఆ చమురు ట్యాంకులుంటాయి. వాళ్ళబ్బాయి చదివే పల్లెటూరి బళ్ళో ఆ ట్యాంకు కారిందని, పిల్లల్ని వేరే బడికి తరలించారని, ఫోన్లో కంగారుగా చెప్పింది. తెల్ల దుస్తులు వేసుకున్న మనుషులొచ్చి, నేల తవ్వి, లారీల్లో మట్టి ఎత్తుకుపోతున్నారట. చుట్టుపక్కల బావుల నీళ్ళు పరీక్షకి పంపుతున్నారట. "ఎర్రగా ఉంటుందన్నయ్యా ఆ నూనె" అంది. అవును, పన్ను లేని చమురని తెలియడానికి అక్కడ ఎర్ర రంగు కలుపుతారు. మనది నీలం, వాళ్ళది ఎరుపు. నేను వింటున్నాను గానీ నా ముక్కుకి మా కొట్టుగది వాసన వచ్చేసింది.

ఆ రాత్రే కూర్చుని దీని గురించి చదవడం మొదలుపెట్టాను. హవాయిలో పెర్ల్ హార్బర్ దగ్గర రెడ్ హిల్ అని అమెరికా నౌకాదళం వాళ్ళ ఇంధన నిల్వలుండేవి. 2021 నవంబరులో అక్కడ కారిన విమాన ఇంధనం తాగునీటి బావిలోకి చేరింది. విమాన ఇంధనమంటే బ్రహ్మపదార్థమేం కాదు, కిరసనాయిలుకి అన్నదమ్ముల వరస. సుమారు 93 వేలమందికి నీళ్ళందించే వ్యవస్థ అది. కుళాయి తిప్పితే వాసన, పిల్లల ఒంటిమీద దద్దుర్లు. వేలమంది ఇళ్ళు వదిలి హోటళ్ళకి వెళ్ళారు. 2022 మార్చిలో ఆ నిల్వల్నే మూసేయాలని నిర్ణయించారు. అంత పెద్ద నౌకాదళానికి కూడా మొదట వాసన పట్టింది యంత్రాలు కాదు, ఇళ్ళలో ఆడవాళ్ళ ముక్కులే.

మేం చేసిన తప్పొకటి కూడా ఆ చదువులోనే తెలిసింది. పైన తెట్టె పోయాక, నాన్న నుయ్యి మొత్తం తోడించేశాడు. మూడుసార్లు. తోడిన ప్రతిసారీ రెండు రోజులు బాగుండి మూడో రోజుకి మళ్ళీ వాసన. ఖాళీ అయిన నుయ్యి చుట్టూ ఉన్న నేలలోంచి నీటిని తనలోకి లాక్కుంటుంది, ఆ నీటితో పాటు నేలలో ఇంకిన నూనెనీ లాక్కుంటుంది. ముందు చప్టా చుట్టూ ఉన్న మట్టి తీసి, ఆ తర్వాత నూతి జోలికి వెళ్ళాల్సింది. ఆయనకి ఎవరు చెప్తారు? చివరికి నాలుగోసారి, చప్టా పగలగొట్టి కొత్తది కట్టిస్తున్నప్పుడు, కింద తడి మట్టి బయటపడింది. అది తీశాకే నుయ్యి దారికొచ్చింది.

సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున్న నాన్న బకెట్టు తోడి, దోసిట్లో పట్టి చాలాసేపు వాసన చూశాడు. నన్ను చూడమన్నాడు. నాకు వాసన వస్తూనే ఉంది. కానీ అప్పటికి నాకు అన్నంలోనూ పుస్తకాల్లోనూ కూడా వస్తోంది కాబట్టి రావట్లేదనే చెప్పాను. ఆయన తాగాడు. వారం రోజులు తనొక్కడే తాగాడు. ఆ తర్వాత పేట ఆడవాళ్ళకి కబురు పెట్టాడు.

ఇప్పుడు ఆ నూతిమీద సిమెంటు పలక కప్పేశారు. మోటారు, కుళాయిలు ఉన్నాయి. కొట్టుగదికి టైల్స్ వేశారు, గ్యాసు పొయ్యిమీద పిల్లలకు వంట. డిపోలో నీలం కిరసనాయిలు ఆగిపోయి ఏళ్ళయింది. మొన్న వెళ్ళినప్పుడు ఆ గదిలో మోకాళ్ళమీద వంగి నేల వాసన చూశాను. వంటామె విచిత్రంగా చూసింది. పోపు వాసన తప్ప ఏమీ లేదు.

నాన్న పోయి నాలుగేళ్ళయింది. ఆయనకి చెప్పలేదు. చెప్దామని రెండుమూడుసార్లు కూర్చోబెట్టి, ఎరువుల ధరల గురించి మాట్లాడి లేచాను.

నా నేస్తం చెన్నైలో మేస్త్రీ. మా వైపు నుంచి అలా వెళ్ళినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. వాడి నెంబరు సంపాదించి గతవారం ఫోన్ చేశాను. కాసేపు పిల్లల గురించీ, చెన్నై ఎండల గురించీ అయ్యాక అడిగేశాను, ఆ రోజు కుళాయి కట్టింది నువ్వే కదా అని.

"నాను కాదురా. నువ్వు కట్టినావనుకున్నాను."

ఇద్దరం కొంచెంసేపు ఏమీ అనలేదు. అక్కడ వెనకాల కాంక్రీటు కలిపే మిషను చప్పుడు.

"మీ నాన్నకి సెప్పినావేటి?" అన్నాడు.

లేదన్నాను.

"మా అయ్యకి నాను మంగళారం రాత్రే సెప్పేసినాను. మరి ఊరికే ఒచ్చినాడేటి, మర్నాడు పార అట్టుకుని?"